జారితే పోయినట్టే

మీ ఇంట్లో జబ్బుపడి లేస్తున్న మనిషి ఎవరైనా ఉండి, వాళ్ళని హుషారు చెయ్యడానికి ఏ కేరమ్ బోర్డో ముందు పెట్టి, వాళ్ళే గెలిచేలా చూసి, చప్పట్లు కొట్టాలని మీకు బుద్ధి పుడితే, దయచేసి ఆ బుద్ధిని అక్కడే ఆపుకోండి. మీ మంచితనం మీద నాకేమీ అనుమానం లేదు. మా ఇంట్లోవాళ్ళూ మంచివాళ్ళే. ఆ మంచితనంతోనే నన్ను కొరుక్కుతిన్నారు. ఆ మాట చెప్పడానికే ఇది రాస్తున్నాను, అదీ కుడిచేత్తో. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి. ఉండనివ్వండి.

నేను వ్యాయామం టీచర్ని, పిల్లల భాషలో పీఈటీ మేడమ్. పేరు సరోజిని. కాపురం ఏలూరులో, ఉద్యోగం తాడేపల్లిగూడెంలో. పొద్దున్నే పాసింజరెక్కితే భీమడోలు దాటేలోపు ఎవరో ఒకరు లేచి సీటిచ్చేవారు, నా దగ్గర ఖోఖో ఆడినవాళ్ళు ఆ రైల్లో ఎప్పుడూ ఉండేవారు. ఏటా స్పోర్ట్స్ డే నాడు మైకు ముందు నిలబడి "ఆటలు శరీరానికి ఆరోగ్యం, మనసుకి ఉల్లాసం" అని చెప్పేదాన్ని. ఏటా అదే ముక్క. ఇప్పుడది గుర్తొస్తే పాచిపోయిన అన్నం గిన్నె మూత తీసినట్టుంటుంది.

2006 నవంబరు

ఎనిమిదో తరగతికీ తొమ్మిదో తరగతికీ త్రోబాల్ మ్యాచి జరుగుతోంది. విజిల్ నోట్లో పెట్టుకుని ఊదుతున్నాను, మోత రావట్లేదు. గాలంతా మూతి పక్కనుంచి పోతోంది. పిల్లలు నవ్వారు, నాకూ నవ్వొచ్చింది. విజిల్ జారి కిందపడితే తీద్దామని వంగాను. నేను వంగాను గానీ కుడిచెయ్యి నాతో రాలేదు. అది వేరేవాళ్ళ చెయ్యిలా పక్కన వేలాడుతోంది. ఆ తర్వాత ఇసకలో చెంప ఆనించి పడుకుని ఉండటం, పిల్లల బూట్లు పరిగెత్తడం, ఎవరో "మేడమ్, మేడమ్" అనడం, అంతవరకే తెలుసు.

ఏలూరు తీసుకొచ్చి ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పెట్టారు. డాక్టర్లు చెప్పింది మీకు చెప్పను, అవి ఎక్కడైనా దొరుకుతాయి. పక్షవాతం, కుడివైపు, మాట కూడా ముద్ద. అంతే. నాకు బాగా గుర్తున్నది స్కానింగు గది బయట హాలు. ఛీ, ఆ హాలు! ఫినాయిలు వాసన, దానిమీద బత్తాయి తొక్కల వాసన, గోడమీద టీవీలో ఎవరో అత్తగారు ఎవరో కోడల్ని తిడుతుంటే జనం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. నన్ను చక్రాల కుర్చీలో కూచోబెట్టారు. మూతి వంకర పోయింది కదా, చొంగ కారుతోంది. కారుతోందని తెలుస్తోంది, ఆపలేను, తుడుచుకోలేను. మా ఆయన ప్రభాకర్ గారు కౌంటరు దగ్గర లైన్లో ఉన్నారు. ఎదురుగా కూచున్నవాళ్ళు చూసి, మొహం తిప్పుకుని, మళ్ళీ చూశారు.

పక్క కుర్చీలో ఒక పెద్దావిడ ఉంది. అత్తిలి నుంచి వాళ్ళాయన్ని తీసుకొచ్చిందట. ఆవిడ మాటామంతీ లేకుండా తన కొంగు చివర పట్టుకుని నా గడ్డం తుడిచింది. తుడిచి, మళ్ళీ టీవీ చూసుకుంది. కాసేపయ్యాక మళ్ళీ తుడిచింది. "పాపం" అనలేదు, ఏ ఊరు అని అడగలేదు. ఆవిడ పేరు కూడా తెలీదు నాకు. ఆ ఆరు నెలల్లో నాకు అసహ్యం పుట్టించకుండా నన్ను ముట్టుకున్న మొదటి చెయ్యి అదే.

డిసెంబరు, జనవరి

ఇంటికొచ్చాక అసలు జబ్బు మొదలైంది. చూడ్డానికి వచ్చేవాళ్ళు. గేటు దగ్గర చెప్పులు విప్పేటప్పుడు మామూలు గొంతుతో మాట్లాడుకుంటూ వచ్చేవారు, గుమ్మం దాటగానే గొంతు సన్నబడేది. "ఎలా ఉన్నారండీ సరోజిని గారూ" అని నన్నడిగి, జవాబు కోసం మా ఆయన వైపు చూసేవారు. నేను అక్కడే ఉన్నాను కదా! నా మాట ముద్దగా వస్తుందే కానీ నాకు చెవుడు రాలేదు. "గ్రౌండంతా చిరుతపులిలా తిరిగే మనిషి, చూడండి ఎలా అయిపోయిందో" అని నా ముందే అనుకునేవారు. తర్వాత ప్రార్థన చేసేవారు. నేను ప్రార్థనకి వ్యతిరేకిని కాదు, చర్చిలో పుట్టి పెరిగినదాన్ని. కానీ కళ్ళు మూసుకుని నన్ను దేవుడికి వర్ణించి చెబుతుంటే ఒళ్ళు మండిపోయేది.

ఒకరోజు చెంచాతో ఉప్మా నోటిదాకా తీసుకెళ్ళాను. సగం ఒళ్ళో పడింది. మా అమ్మాయి బ్యూలా, ఇంటర్ రెండో ఏడు చదువుతోంది అప్పుడు, చప్పట్లు కొట్టింది. "అమ్మ తినేసిందోచ్!" అంది. చూడ్డానికొచ్చిన ఇద్దరూ కొట్టారు. మా ఆయనా కొట్టారు. ఆ ఉప్మా గొంతు దిగలేదు. నలభై నాలుగేళ్ళ మనిషిని, జిల్లా పోటీలకి రెఫరీగా వెళ్ళినదాన్ని, ఉప్మా తిన్నందుకు నాకు చప్పట్లు.

భయం కూడా చెప్పాలి. జూన్‌లో బడులు తెరుస్తారు, అప్పటికి చెయ్యి రాకపోతే ఉద్యోగం ఏమవుతుందో అన్న భయం ఉంది. దానికన్నా పెద్దది ఇంకొకటి ఉండేది. చెయ్యి వచ్చినా రాకపోయినా, ఈ ఇంట్లో నేనిక బొమ్మనేనేమో. దుమ్ము దులిపి, ముద్దుచేసి, మూలన పెట్టే బొమ్మ. నా మీద ఎవరికీ కోపం రావట్లేదు. ఏమన్నా సరేననేవారు. కూరలో ఉప్పు లేదని కంచం తోసేస్తే "పోన్లేమ్మా" అన్నారు. అంతకుముందైతే మా ఆయన ఊరుకునేవారా? ఇరిగేషను ఆఫీసులో హెడ్ క్లర్కు, ఇల్లంతా వినపడేలా తిరిగి అరిచేవారు. ఆ అరుపు కోసం మొహం వాచిపోయాను.

ఆస్పత్రిలో చేతికి వ్యాయామం చేయించే గదికి వారానికి మూడుసార్లు తీసుకెళ్ళేవారు. అక్కడ కుర్ర డాక్టరు ఒకతను, చాలా మంచివాడు. బల్లమీద రంగురంగుల ప్లాస్టిక్ రింగులు, మేకులు గుచ్చే పలక, మొహం గీసిన రబ్బరు బంతి. ఆ బంతి నవ్వుతూ ఉంటుంది.

"ఇది ఎక్సర్‌సైజు అనుకోకండి మేడమ్. ఆట అనుకోండి. సరదాగా ఆడుకోండి," అన్నాడు.

అతను నా మేలు కోరే అన్నాడు. నాకు మాత్రం ఆ బంతి తీసుకుని కిటికీలోంచి విసరాలనిపించింది. విసిరే చెయ్యే లేదు.

సరదా! ఇరవై ఏళ్ళు పిల్లల్ని ఆడించాను. ఆడే పిల్లల మొహాలు ఎప్పుడైనా దగ్గరగా చూశారా మీరు? పళ్ళు బిగించి ఉంటారు. ఖోఖోలో కూచున్న పిల్ల వీపు మీద చెయ్యి పడేదాకా ఊపిరి బిగపట్టి ఉంటుంది. గీత తొక్కావా లేదా అని ఇద్దరు ఆడపిల్లలు జుట్లు పట్టుకుంటే విడదీశాను. ఓడినవాళ్ళు కొళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నట్టు నటిస్తూ ఏడవడం చూశాను. సరదా కోసమైతే ఎందుకేడుస్తారు? సరదా అనేది బయట నిలబడి వేరుశనక్కాయలు తింటూ చూసేవాళ్ళది. లోపల ఉన్నవాళ్ళకి అది ప్రాణం. ఇన్నేళ్ళూ కళ్ళముందే ఉన్నా ఆ సంగతి నాకు ఆ ప్లాస్టిక్ రింగుల ముందు కూచున్నప్పుడు గానీ వెలగలేదు. ఎదురుగా ఎవరూ లేనప్పుడు అది ఆట ఎలా అవుతుంది? నేను రింగు పడేస్తే ఎవరికీ పోయేదేమీ లేదు, మేకుకి తగిలిస్తే ఎవరికీ ఏడుపు రాదు. ఎవరి ఏడుపూ లేని ఆట అది.

ఫిబ్రవరి

కుర్ర డాక్టరు ఇంట్లో కూడా ఆడించమన్నాడు. మా ఆయన అటకమీంచి కేరమ్ బోర్డు దింపారు. ఆయన చిన్న ఆటగాడు కాదు. ఆఫీసు రిక్రియేషన్ క్లబ్బులో ఆయన స్ట్రైకర్ పట్టుకుంటే ఎదుటివాళ్ళు నిట్టూర్చేవారు. పెళ్ళయిన కొత్తలో నన్ను ఒక్కసారి కూడా గెలవనివ్వలేదు. రెండేళ్ళు పట్టింది ఆయన్ని ఓడించడానికి. ఓడిన రోజున ఆయన టీ కూడా తాగకుండా పడుకున్నారు, ఆ రోజు నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను.

సరే, బోర్డు పరిచి పౌడరు చల్లారు. నేను స్ట్రైకర్ని వేలితో కొట్టలేక, తోస్తున్నాను. అది రెండంగుళాలు పోయి ఆగుతోంది. మా ఆయన వంతు వచ్చింది. పాకెట్ నోట్లో ఉన్న కాయిన్. కళ్ళు మూసుకుని కొట్టినా పడుతుంది. ఆయన గురి చూసి, చూసి, పక్కకి కొట్టారు.

"అరెరే, తప్పిపోయింది," అన్నారు.

మళ్ళీ తప్పిపోయింది. రెడ్ కాయిన్ కూడా తప్పిపోయింది. నేను లేచి నీళ్ళు తాగడానికి అటు తిరిగేసరికి నా కాయిన్ ఒకటి పాకెట్ దగ్గరికి జరిగి ఉంది. బ్యూలా కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఒరే నాయనా, ఇరవై ఏళ్ళు గీతల మీద కాళ్ళు చూసి ఫౌల్ చెప్పినదాన్ని, నా కళ్ళకి కూడా పక్షవాతం వచ్చిందనుకున్నారా వీళ్ళు?

చివరికి నేనే గెలిచాను. ఇద్దరూ చప్పట్లు కొట్టారు.

ఎడం చేత్తో బోర్డు పట్టుకుని ఎత్తేశాను. కాయిన్లు మంచాల కిందకి దొర్లిపోయాయి, మా ఆయన చొక్కా నిండా పౌడరు. ఆయన మొహం చిన్నబోయింది. "నీకోసమే కదా సరోజా. ఇంకేం చెయ్యమంటావో నువ్వే చెప్పు," అన్నారు.

"ఓడించండి," అన్నాను. మాట ఇంకా ముద్దగానే ఉంది, అయినా ఆ మాట ఆయనకి అర్థమైంది.

"నిన్నా? ఇప్పుడా? నాకు చేతులెలా వస్తాయి?" అన్నారాయన.

ఆటల్లో వాకోవర్ అని ఒకటుంటుంది. ఎదుటి జట్టు రాకపోతే ఉన్నవాళ్ళని గెలిచినట్టు రాసేస్తారు. అలా కప్పు తెచ్చుకున్న పిల్లల్ని రైల్లో వెనక్కి తీసుకొచ్చాను ఒకసారి. ఒక్కరు కేరింత కొట్టలేదు. కప్పు సీటు కింద పెట్టి నిద్రపోయారు. నాకు మా ఇంట్లో రోజూ వాకోవర్ ఇస్తున్నారు. నాకు ఎదురుగా నిలబడే జట్టే లేదు.

శ్రమల దినాలు

ఆ వారంలోనే, ఈస్టరు ముందరి నలభై రోజుల ఉపవాసాలు మొదలవుతుండగా, మా వదినగారు దిగారు, మా ఆయన అక్క, రత్నమ్మగారు. మండవల్లి దగ్గర కొల్లేటి ఒడ్డున ఉంటారు. భర్త పోయి చాలా కాలమైంది, చేపల చెరువులు ఒంటిచేత్తో చూసుకుంటారు. నాకూ ఆవిడకీ ఎప్పుడూ ఉప్పూ నిప్పే. నన్ను పెళ్ళిచూపుల్లో చూసి "గ్రౌండులో గెంతే పిల్ల మనకెందుకురా" అన్నది ఆవిడే. నేనూ ఆ మాట మర్చిపోలేదు, ఆవిడకి మర్చిపోయే అవకాశమూ ఇవ్వలేదు.

గుమ్మంలో నిలబడి నన్ను కిందనించి పైదాకా చూశారు. "ఏం సరోజినీ, మూతి ఇంకా వంకరే ఉందే," అన్నారు. మా ఆయన కంగారుపడిపోయారు. నాకు మాత్రం ఎన్నాళ్ళకో కిటికీ తీసినట్టనిపించింది.

బ్యూలాకి పరీక్షలు, ఇంట్లో చూడ్డానికొచ్చేవాళ్ళ సంత. "దీన్ని నాతో పంపరా ప్రభాకరం, ఈస్టరు అయ్యాక తీసుకెళ్దువుగాని," అని నన్ను తీసుకుపోయారు.

మండవల్లిలో మొదటి సాయంత్రమే ఆవిడ వామనగుంటల పీట తీసుకొచ్చి అరుగుమీద పెట్టారు. తెలియనివాళ్ళకి చెబుతాను. పీటకి రెండు వరసల గుంటలుంటాయి, ఒక వరస మనది, ఇంకోటి ఎదుటివాళ్ళది. అన్నిటిలో చింతపిక్కలు పోస్తాం. ఒక గుంటలోవన్నీ ఎత్తి, వరసగా గుంటకి ఒకటి చొప్పున పంచుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోతే తర్వాతి గుంటలోవి ఎత్తి మళ్ళీ పంచాలి. ఆ గుంట ఖాళీగా ఉంటే ఆట ఎదుటివాళ్ళది, కానీ ఆ ఖాళీ పక్క గుంటలో ఉన్నవన్నీ మనవి. పిక్కలు తగ్గినవాళ్ళకి గుంటలు మూతపడుతూ వస్తాయి. ఒక్క గుంటకి సరిపడా పిక్కలు కూడా లేనివాళ్ళు ఓడినట్టు.

"కుడిచేత్తోనే ఆడాలి," అన్నారు వదినగారు. "ఇంకోటి. పంచేటప్పుడు కిందపడ్డ పిక్క ఎదుటివాళ్ళది. మా ఊళ్ళో అంతే. జారితే పోయినట్టే."

"నా చేతిలోంచి అన్నీ జారతాయి వదినగారూ," అన్నాను.

"జారితే నావి," అన్నారావిడ.

మొదటి ఎత్తులోనే నా పిక్కలు సగం అరుగుమీద పడ్డాయి. ఆవిడ ఒక్కొక్కటే ఏరి, లెక్కపెట్టి, తన ఒళ్ళో పోసుకున్నారు. కోడికి కూడా అంత శ్రద్ధ ఉండదు. దీపాలు పెట్టే వేళకి నాకు ఒక్క గుంట కూడా మిగల్లేదు. "ఇంతేనా పీఈటీ మేడమ్?" అని పీట తీసుకుని లోపలికెళ్ళిపోయారు.

నాకు పిచ్చికోపం వచ్చింది. అన్నం తింటున్నంతసేపూ ఆవిడ మొహం చూడలేదు. ఆ కోపంలోనే ఒకటి గమనించాను. మూతి తుడుచుకోవడం కోసం కుడిచెయ్యి తనంతట తను లేచింది.

మర్నాడు ఆవిడ చెరువుల మీదకి వెళ్ళాక పీట ముందేసుకుని కూచున్నాను. పిక్క పట్టుకోవడం, వదలడం. పట్టుకోవడం కష్టమనుకున్నాను గానీ వదలడం అసలు కష్టం. నాలుగు పట్టుకుని ఒక్కటే వదలాలి. వేళ్ళకి ఆ తేడా తెలీదు, అన్నీ ఒకేసారి వదిలేస్తాయి. కుర్ర డాక్టరు చెప్పిన వ్యాయామం కూడా ఇదే. కాకపోతే అక్కడ జారితే "పర్లేదు మేడమ్" అనేవాడు. ఇక్కడ జారితే రత్నమ్మగారు ఏరుకుంటారు. నా పిక్క ఆవిడ ఒళ్ళోకి పోతుందంటే నా వేళ్ళు దాన్ని ఇంకో క్షణం పట్టుకునేవి. ఇది వైద్యం పుస్తకాల్లో ఉందో లేదో నాకు తెలీదు.

ఆదివారం మధ్యాహ్నం అక్కడి స్త్రీల సమాజం వాళ్ళు ప్రార్థనకి వచ్చారు. వాళ్ళ ప్రెసిడెంటమ్మగారు అరుగుమీద పీట చూసి ఆగిపోయారు.

"శ్రమల దినాల్లో ఆటలేంటి రత్నమ్మగారూ? మీరు చేపల చెరువుల మధ్య ఉండి ఈ నలభై రోజులూ చేప ముట్టరు, మరి ఇదేంటండీ?" అన్నారు.

"ఉపవాసం నోటికి పెట్టానండీ, చేతికి పెట్టలేదు," అన్నారు వదినగారు.

ప్రెసిడెంటమ్మగారు నా వైపు చూసి వెంటనే మెత్తబడిపోయారు. గొంతు సన్నబడింది. "పోన్లెండి, పాపం. జబ్బుమనిషికి కాలక్షేపం ఉండాలి కదా," అన్నారు.

కాలక్షేపం! మళ్ళీ ఆ చొంగ కారుతున్నట్టనిపించింది నాకు. నేను నోరు తెరిచేలోపు వదినగారు అందుకున్నారు. "కాలక్షేపమా? దీనికేం కాలక్షేపమో నాకు తెలీదండీ. నేనైతే దీన్ని ఓడిస్తున్నాను. ఇప్పటికి అన్నిసార్లూ ఓడించాను. మీరు ప్రార్థన మొదలుపెడితే తొందరగా అయిపోతుంది, నాకు ఎత్తు మిగిలుంది."

వాళ్ళు వెళ్ళాక అడిగాను, నా మీద జాలి ఎందుకు లేదని. ఆవిడ పిక్కలు సర్దుకుంటూ చెప్పారు. "కిందటేడు కొల్లేట్లో సర్కారువాళ్ళు చెరువుల గట్లు కొట్టేసినప్పుడు నా పెద్ద చెరువు పోయింది. ఊరంతా వచ్చి అరుగుమీద కూచుని పాపం పాపం అన్నారు. వాళ్ళకి టీలు పెట్టలేక నా నడుం పడిపోయింది. మర్నాడు చేపలు కొనే షావుకారు వచ్చి మిగిలిన చెరువులో చేపకి రేటు తగ్గించమని నాతో దెబ్బలాడాడు. గంటసేపు తిట్టుకున్నాం. వాడు వెళ్ళాక నాకు ఆకలేసింది. ఊఁ, ఎత్తు నీదే, కానీ."

ఆవిడంటే ఇష్టం కలిగిందనుకోకండి. నేను ఓడినప్పుడల్లా ఆవిడ పళ్ళు కనబడేలా నవ్వే నవ్వు చూస్తే ఇప్పటికీ నాకు మంటే. కానీ పొద్దున్న లేవగానే ఏ గుంట ముందు ఎత్తాలా అని ఆలోచించేదాన్ని. అంతకుముందు నెలల్లో లేవగానే నాకు వచ్చే మొదటి ఆలోచన ఏమిటో ఇక్కడ రాయను.

ఏప్రిల్

ఈస్టరు వెళ్ళిన తర్వాతి ఆదివారం. మా ఆయన నన్ను తీసుకెళ్ళడానికి వచ్చారు. ఇంట్లో కొర్రమేను పులుసు ఉడుకుతోంది, నలభై రోజుల ఉపవాసం అయిపోయింది కదా, ఆ వాసనకి వీధి కుక్కలు కూడా గేటు దగ్గర చేరాయి. వంటయ్యేలోగా ముందురోజు ఆగిన ఆట ముగిద్దామని కూచున్నాం. ఈసారి నా గుంటలు నిండుగా ఉన్నాయి, ఆవిడవి మూతపడుతూ వచ్చాయి. మా ఆయన స్తంభానికి ఆనుకుని చూస్తున్నారు.

ఆవిడ వంతు. మూడో గుంట ఎత్తారు. పంచుకుంటూ వచ్చి, ఆఖరి పిక్క వేశాక, చెయ్యి గాల్లో ఆగిపోయింది. తర్వాతి గుంట ఖాళీ, దాని పక్కదీ ఖాళీ. ఒక్క పిక్క తక్కువై ఉంటే ఇంకో గుంట ఎత్తి నా కుప్పదాకా వచ్చేవారు. ఇప్పుడు ఆవిడకున్న ఒకే ఒక్క కుప్ప నా ముందు నోరు తెరుచుకుని ఉంది.

నేను ఎత్తాను. అరచేతి నిండా పిక్కలు. ఒకటి వదిలాను. ఇంకోటి. చెమటకి పిక్కలు వేళ్ళకి అంటుకుంటున్నాయి. ఒక్కటి జారినా లెక్క మారిపోతుంది. జారలేదు. ఆఖరిది పడింది, తర్వాతి గుంట ఖాళీ, దాని పక్కన ఆవిడ కుప్ప. తీసుకున్నాను. ఆవిడకి ఇక ఒక్క గుంటకి సరిపడా పిక్కలు కూడా లేవు.

గెలిచాను. గెలిచిన ఆ నిమిషంలోనే అనుమానం పట్టుకుంది. ఈవిడ, ఎప్పుడూ లెక్క తప్పని మనిషి, ఇవాళే, మా ఆయన వచ్చిన రోజే, నేను ఇంటికెళ్ళే రోజే, మూడో గుంట ఎందుకెత్తింది? పోయే ముందు జబ్బుమనిషి చేతిలో మిఠాయి పెట్టిందా? అదే అయితే ఆ పిక్కలన్నీ తీసుకెళ్ళి కొల్లేట్లో పారేసి, ఇంకెప్పుడూ ఏ ఆటా ఆడకూడదనుకున్నాను. అడగాలంటే భయం వేసింది.

మా ఆయన కళ్ళు తుడుచుకుంటూ ముందుకొచ్చారు. "అక్కా, నీ మేలు మర్చిపోలేను. నువ్వు ఓడిపోయి దాన్ని సంతోషపెట్టావు," అన్నారు.

వదినగారు తలెత్తారు. ఆ మొహం నేను ఎప్పుడూ చూడలేదు.

"ఏంట్రా? ఏమన్నావు? నేను ఓడిపోయి సంతోషపెట్టానా?"

"అంటే అక్కా, మంచిపనే కదా..."

"నోర్ముయ్యి! ఆ గుంటలో ఆరున్నాయనుకున్నాను, ఏడున్నాయి. చూపు ఆనలేదు, వెధవ కళ్ళు! అది కనిపెట్టింది, కనిపెట్టి నా కొంప ముంచింది. నిన్నట్నించి ఈ ఆట కోసం నేను నిద్రపోలేదురా! దాని గెలుపు దానిది, నా ఓటమి నాది, మధ్యలో నీ ముష్టి ఏంటి? నా ఓటమిని కూడా నువ్వే దానం చేసేస్తావా?"

పీటని కాలితో ఒక్క తన్ను తన్నారు. చింతపిక్కలు అరుగంతా చెదిరాయి. "లేవండి ఇద్దరూ. ఇవాళ నా ఇంట్లో మీకు అన్నం లేదు. బస్సొచ్చే వేళయింది, బయల్దేరండి."

"అక్కా, పులుసు..." అన్నారు మా ఆయన, ఏం అనాలో తెలీక.

"కుక్కలకి పోస్తాను!"

మా వైపు అన్నం వేళకి వచ్చిన మనిషిని తినకుండా పంపడం ఎక్కడా ఉండదు, శత్రువునైనా ఆకు ముందు కూచోబెడతారు. అలాంటిది సొంత తమ్ముణ్ణి, పక్షవాతం వచ్చిన మరదల్ని, పొయ్యిమీద పులుసు ఉడుకుతుండగా గెంటేసింది. నా బట్టల సంచి తెచ్చి గేటు బయట పడేసింది. మా ఆయన మొహం నల్లబడిపోయింది. నేను అరుగు దిగి చెప్పులు వేసుకున్నాను. ఆ అనుమానం ఎక్కడికి పోయిందో తెలీదు. ఏడుపొస్తోంది, నవ్వూ వస్తోంది, మూతి వంకరగా ఉంది కాబట్టి ఏది వస్తోందో చూసేవాళ్ళకి తెలీదు. ఆ మనిషికి నా మీద నిజంగా కోపం వచ్చింది! ఎన్ని నెలలైందో ఒకరికి నా మీద కోపమొచ్చి!

రోడ్డుమీద బస్సు కోసం నిలబడ్డాం. కాసేపటికి వదినగారూ వచ్చారు, మాకు దూరంగా, చేతులు కట్టుకుని, మొహం చెరువుల వైపు పెట్టి. బస్సొచ్చింది. మా ఆయన నన్ను నడుం పట్టుకుని ఎక్కించబోయారు.

"దాన్నొదులు. ఎక్కగలదు," అని అక్కణ్ణించే అరిచారు.

కుడిచేత్తో కమ్మీ పట్టుకుని ఎక్కాను. పట్టు జారబోయింది, మళ్ళీ పట్టుకున్నాను. కిటికీ పక్కన కూచున్నాక ఆవిడ దగ్గరికి వచ్చారు. ఇంకా రొప్పుతున్నారు.

"సరోజినీ! రెండో శనివారం రా. నీ సంగతి చూస్తాను."

బస్సు కదిలింది. ఆ ఏడాది నాకోసం ప్రార్థన చేసినవాళ్ళు బోలెడంతమంది, వాళ్ళందరికీ దణ్ణం పెడతాను. నన్ను ఓడించి తీరాలని పంతం పట్టింది మాత్రం ఆవిడ ఒక్కతే.

మా ఆయన ఆకలితో కడుపు పట్టుకున్నారు. చివరికి నా చెయ్యి నిమిరి, ఆ సన్నటి గొంతుతో, "అక్క మాటలు పట్టించుకోకు సరోజా," అన్నారు.

"పట్టించుకోకపోతే ఎలాగండీ," అన్నాను. "ఈసారి ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని కూచుంటారు."